ఆరు తీగల హోదా

రాష్ట్ర లలిత వాద్య మండలి కాకినాడ కార్యాలయంలో బేసు గిటారు వాయించే మేకల యోనా గారు చాలా మంచి వాద్యకారుడు. ఆ సంగతి మండలిలో ఎవరికీ తెలియదు. తెలియకపోవడంలో వాళ్ల తప్పూ లేదు. పాటలో గొంతు వినపడుతుంది, వయొలిన్ వినపడుతుంది, తబలా అయితే వీధి చివరిదాకా వినపడుతుంది. బేసు మాత్రం మోగుతున్నంతసేపూ ఎవరికీ పట్టదు. ఆగిపోతే మాత్రం "ఏదో తగ్గిందేంటండీ?" అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. కూరలో ఉప్పులాంటి ఉద్యోగం. ఉప్పు సరిపోయిందని వంటవాడికి దండ వేసిన పెళ్లివారు ఎక్కడైనా ఉన్నారా?

యోనా గారికి దాని గురించి దిగులు లేదు. ఆయన దిగులు వేరు. ఆయన గిటారుకి ఉన్నవి నాలుగే తీగలు. పాట కిందికి, ఇంకా కిందికి దిగుతూ ఉంటే ఒకచోటికి వచ్చేసరికి ఆ గిటారుకి నేల తగిలేసేది. అక్కణ్ణించి దిగడానికి దారిలేక ఆయన చటుక్కున పై స్థాయికి ఎగిరి, ఆ స్వరమే అక్కడ వాయించి ఊరుకునేవారు. వినేవాళ్లు కనిపెట్టేవారు కాదు గానీ ఆయనకి మాత్రం ప్రతిసారీ సిగ్గుతో చెవులు వేడెక్కేవి.

ఒకసారి విశాఖపట్నంలో ఒక సంగీత పరికరాల దుకాణంలో ఆరు తీగల మల్టీస్కేల్ బేసు చూశారాయన. మామూలు నాలుగు తీగలకి తోడు కిందొక లావు తీగ, పైనొక సన్న తీగ. లావు తీగ పొడుగు, సన్న తీగ పొట్టి. అందుకని మెట్లన్నీ తిన్నగా కాకుండా విసనకర్ర విప్పినట్టు ఏటవాలుగా పరుచుకుని ఉన్నాయి. లావు తీగకి పొడుగు దొరికితే బిగువు దొరుకుతుంది, బిగువు దొరికితే ఎంత కిందికి దిగినా స్వరం బురదలో కూరుకుపోదు. యోనా గారు ఆ తీగని ఒక్కసారి మీటారు. దుకాణం నేల సన్నగా అదిరింది, ఆయన గుండె గట్టిగా అదిరింది. ఈ స్వరం ఒక్కసారి జనం ముందు వాయించకుండా రిటైరైతే నా జన్మ ఎందుకని ఆయన బస్సులో వస్తూ వస్తూ కళ్లు తుడుచుకున్నారు.

కొనిపించమని మండలికి దరఖాస్తు పెట్టారు. తిరిగొచ్చింది. మళ్లీ పెట్టారు. మళ్లీ తిరిగొచ్చింది. చివరికి సూపరింటెండెంటు వక్కలంక నరసింహమూర్తి గారు ఆయన్ని కూచోబెట్టి టీ తెప్పించి జ్ఞానబోధ చేశారు.

"ఏంటండీ బాబూ, 'వేరే గిటారు కావాలి' అని రాసేస్తే ఎలాగండీ? ప్రభుత్వం వేరేవి కొనదండి. ఉన్నదానికి ఏం తెగులని ఆడిట్‌వాళ్లు పీక పట్టుకుంటారు. 'ఉన్నత స్థాయి గిటారు' అని రాయండి. పైకి పోయేదానికి ఎవరూ అడ్డు చెప్పరు."

"నాక్కావల్సింది కింది స్వరం కదండీ."

"దాన్ని కడుపులో పెట్టుకోండి. కాగితం మీద పైకే పోదాం."

యోనా గారు తలూపి, 'నాలుగు తీగల స్థాయి నుంచి ఆరు తీగల ఉన్నత స్థాయికి ఎదుగుటకు గాను' అని రాసిచ్చారు. తన గొయ్యి తన చేతి రాతతోనే, అదీ ముత్యాల్లాంటి అక్షరాలతో తవ్వుకుంటున్నానని ఆయనకి అప్పుడు తోచలేదు. మంజూరు ఆశ్చర్యమేసేటంత తొందరగా వచ్చేసింది.

గిటారూ వచ్చింది. చెక్కతో చేసిన ప్రభుత్వ ఆస్తి ఏదైనా ఇంజనీరు తనిఖీ చేశాకే వాడకంలోకి రావాలి, అది బెంచీ అయినా బేసు అయినా ఒకటే. రోడ్లూ భవనాల ఇంజనీరు మూలమట్టం పట్టుకొచ్చి ఒక్కొక్క మెట్టు దగ్గరా ఆనించి చూశాడు.

"ఏంటండీ ఇదీ? అన్నీ వంకరే! మేస్త్రీ ఎవడండీ?" అన్నాడు.

"వంకర కాదండి, అదే పద్ధతండి. లావు తీగకి పొడుగు కావాలండి," అన్నారు యోనా గారు.

"ఓ తీగకి పొడుగు, ఓ తీగకి పొట్టి ఇస్తే పక్షపాతం అనరా?"

నరసింహమూర్తి గారు మధ్యలోకి వచ్చి, వంకర ఉద్దేశపూర్వకమైనదని ఒక ధ్రువపత్రం పుట్టిస్తే సరిపోతుందని తేల్చారు. ఇంజనీరు సంతకం పెట్టబోతూ ఆగిపోయాడు. అన్ని మెట్లూ వంకరగా ఉంటే నడిమధ్య ఒకటి మాత్రం తిన్నగా ఉందట. "వంకర అని సర్టిఫై చేశాక ఇదెలా తిన్నగా ఉంటుంది? దీన్నో వడ్రంగిని పిలిచి మిగతావాటితో పాటు వంకర చేయించండి," అన్నాడు. విసనకర్రలో మధ్య పుల్ల తిన్నగానే ఉంటుందని యోనా గారు బతిమాలి, ఆఫీసు గోడకున్న విసనకర్ర తెచ్చి చూపించి, అతికష్టం మీద ఆ మెట్టుని కాపాడుకున్నారు.

ఇక వాయించడమే తరువాయి అనుకుంటుండగా డైరెక్టరు పరంజ్యోతి గారికి ధర్మసందేహం కలిగింది. పరంజ్యోతి గారు మండలికి రాకముందు మత్స్యశాఖలో ఉండేవారు. సంగీతం గురించి ఆయనకి స్థిరమైన అభిప్రాయాలున్నాయి, సంగీతం తెలియకపోవడం వల్ల అవి ఎన్నడూ చెదరలేదు.

"ఇది ఉన్నత స్థాయి వాయిద్యమని వారే రాసిచ్చారు. ఉన్నత స్థాయి వాయిద్యమును కింది స్థాయి ఉద్యోగికి ఏ విధముగా అప్పగించగలము?" అని అడిగారాయన. "మనిషికి తగినట్టు రెండు తీగలు తెంపుటయా, తీగలకు తగినట్టు మనిషిని పెంచుటయా? ప్రభుత్వం తెంపునది కాదు, పెంచునది."

సాయంత్రానికల్లా ఉత్తర్వు తయారైంది. 'ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, ఇకమీదట ఉద్యోగుల హోదా వారి వారి వాయిద్యములకు గల తీగల సంఖ్యను అనుసరించి నిర్ణయించబడును.'

ఇంకేముంది, ఆఫీసంతా తేనెపట్టు కదిలినట్టు కదిలింది. వయొలిన్ వాళ్లవి నాలుగు, ఖాయం. తబలా అప్పలకొండకి ఒక్క తీగా లేదు. అతను తబలా ఎత్తుకొచ్చి బల్ల మీద బోర్లించి, "ఇయ్యేంటండీ మరి? చుట్టూ బిగించిన తోలు వార్లు తీగలు కాదేంటండీ? పీకి చూడండి, అప్పుడు తెలుస్తాది," అని దెబ్బలాడి గెలిచాడు. కీబోర్డు కుర్రాడు కరెంటు వైరుని తీగ కింద రాయించుకున్నాడు. గాయని హైమవతి గారు ఏకంగా ముక్కూ గొంతూ చెవుల డాక్టరు దగ్గరికెళ్లి, తన గొంతులో రెండు స్వరతంత్రులు ఉన్నవని, రెండూ పనిచేయుచున్నవని ధ్రువపత్రం పట్టుకొచ్చారు.

ఈ హడావుడిలో ఎవరో లెక్క చూసేసరికి డైరెక్టరు గారికి తీగలే లేవు. ఉత్తర్వు ప్రకారం ఆయన హోదా వరండాలోని మంచినీళ్ల కుండ హోదాతో సమానం. ఆ పూట ఆయన గది తలుపు మూసుకుని భోజనం కూడా చేయలేదంటారు. అప్పుడు నరసింహమూర్తి గారికి స్టోరు గదిలో బూజుపట్టిన సంతూర్ గుర్తొచ్చింది. వందకి దగ్గర తీగలు. వాయించేవాణ్ణి తీసుకోవడం మరిచిపోయి ఎప్పుడో కొన్న వాయిద్యం అది. దాన్ని తుడిపించి డైరెక్టరు గారి బల్ల మీద పెట్టించారు. పరంజ్యోతి గారు దాని మీద ఫైళ్లు పెట్టుకుని, తీగల మధ్య పెన్నులు దోపుకుని, మళ్లీ డైరెక్టరు అయ్యారు. నరసింహమూర్తి గారు తనకి ఏడు తీగల వీణ తెచ్చుకుని కుర్చీ పక్కన నిలబెట్టి, దాని బిరడాకి గొడుగు తగిలించుకున్నారు.

ఆరు తీగల యోనా గారు అధికారి అయ్యారు. ఆయనకో గది, గదికో బోర్డు, కుర్చీకో టవలు వచ్చాయి. నిజం చెప్పుకోవాలంటే ఆయన కొన్నాళ్లు మురిసిపోయారు కూడా. తలుపు దగ్గర మనుషులు ఆగి "రావచ్చాండీ?" అని అడుగుతుంటే ఎవరికి బాగుండదు? ఇంటికెళ్లి భార్య రూతమ్మ గారికి ఆ టవలు సంగతి కూడా చెప్పారు.

"అంతా బానే ఉంది గానీ, వాయిస్తున్నారా మరి?" అని అడిగిందావిడ.

యోనా గారు చేతిలో ముద్ద కంచంలో పెట్టేశారు.

వాయించడం లేదు. గిటారు బీరువాలో ఉంది, బీరువాకి సీలుంది. మర్నాడే వెళ్లి నరసింహమూర్తి గారిని అడిగారు.

"అధికారులు వాయించరు కదండీ," అన్నారాయన, ఇందులో తెలియకపోవడానికి ఏముందన్నట్టు. "పర్యవేక్షిస్తారు. నేను వీణ వాయిస్తున్నానా? డైరెక్టరు గారు సంతూర్ వాయిస్తున్నారా? ఎవరి హోదా వారు కాపాడుకోవద్దాండీ?"

"నేను దాన్ని కొనిపించుకున్నదే వాయించడానికండి!"

"అది మీరు నాలుగు తీగల్లో ఉన్నప్పటి మాటండి."

అదే సమయానికి సముద్రపొడ్డున జరిగే ఉత్సవాలకి మండలి కార్యక్రమం ఖాయమైంది. పాటల్లో ఒకటి పడవవాళ్ల పాట. దాని చరణం చివర రాగం మెల్లమెల్లగా దిగి దిగి, సరిగ్గా ఆ లావు తీగ మీదికి వచ్చి ఆగుతుంది. ఇన్నేళ్లూ యోనా గారు సిగ్గుపడుతూ ఎగిరి తప్పించుకున్న చోటు అదే. ఆయన తిన్నగా డైరెక్టరు గారి దగ్గరికి వెళ్లి, ఒక్క పాట, ఒకే ఒక్క పాట వాయించనివ్వమని చేతులు జోడించారు.

"మీరు అధికారి అయి ఉండియూ వేదిక మీద శ్రమించుట పదవికి భంగకరము," అన్నారు పరంజ్యోతి గారు సంతూర్ మీదనుంచి ఒక ఫైలు తీస్తూ. ఫైలు కింద పది తీగలు ఝల్లుమన్నాయి. ఆయన ఉలిక్కిపడి, వెంటనే బెల్లు కొట్టి, ఆ చప్పుడు ఏమిటో విచారించమన్నారు.

యోనా గారికి ఒళ్లు మండిపోయింది. ఎదగడమంటే ఇదా? పైకి ఎక్కించి నిచ్చెన లాగేయడం కాదూ ఇది! గదిలోకి వెళ్లి కుర్చీలో కూలబడి ఆలోచించగా ఆలోచించగా ఒక ఉపాయం తట్టింది. తీగలు పెరిగితే హోదా పెరుగుతుంది, హోదా పెరిగితే వాయించకూడదు. అయితే తీగలు తగ్గిస్తే? సీలు తీయించి, గిటారు ఒళ్లో పెట్టుకుని పైనున్న సన్న తీగా, దాని పక్కదీ విప్పేశారు. కింది లావు తీగ మాత్రం ఉంచుకున్నారు. నాలుగు తీగలతో డైరెక్టరు గారి ముందు నిలబడి, "నేను మళ్లీ నాలుగు తీగల వాణ్ణండి, వాయించుకుంటానండి," అన్నారు.

పదోన్నతి కోసం కాళ్లు పట్టుకున్నవాళ్లని, గోతులు తీసినవాళ్లని, గుళ్లో పొర్లుదండాలు పెట్టినవాళ్లని ఆ ఆఫీసు చూసింది గానీ, చేతులారా దిగిపోయినవాణ్ణి చూడలేదు. అంతకంటే పెద్ద అవినీతి వాళ్ల ఊహకి అందలేదు.

విచారణ జరిగింది. విచారణాధికారి నరసింహమూర్తి గారే. గొడుగు వీణకి తగిలించి ఉంది.

"సదరు తీగలను తమరు ఎవరి అనుమతితో విప్పితిరి?" అని అడిగారు.

"మనమిద్దరమే కదండీ ఉన్నాం, ఇలా మాట్టాడతారేంటండీ?"

"విచారణలో ఇలాగే మాట్లాడాలండి. చెప్పండి, దిగజారుటలో తమ ఉద్దేశము ఏమి?"

"కింది స్వరం వాయించాలనండి."

"అంటే మొదటి నుంచీ తమ దృష్టి కిందికే ఉన్నదన్నమాట," అంటూ ఆయన రాసుకున్నారు.

అనుమతి లేని పదవీ అవరోహణ నేరం రుజువైంది. శిక్షగా మిగిలిన నాలుగు తీగలూ సస్పెండయ్యాయి. వాటిని విప్పి, చుట్టలు చుట్టి, కవరులో పెట్టి సీలు వేశారు. తీగల్లేవు గనక యోనా గారు ఇప్పుడు అధికారి కాదు, కిందివాడు. కిందివాడు గనక ఉత్సవాల్లో వేదిక మీద హాజరు కావాలి. ప్రభుత్వ ముఖ్య కార్యదర్శి గారు ముఖ్య అతిథిగా వస్తున్నారు, వేదిక మీద చోటు ఖాళీగా కనపడకూడదు.

"తీగల్లేకుండా ఏం చెయ్యనండీ అక్కడ?" అని యోనా గారు ఏడుపొక్కటే తక్కువగా అడిగారు.

"వేళ్లు కదపండి చాలు. వేళ్లని సస్పెండు చెయ్యలేదు కదండీ," అన్నారు నరసింహమూర్తి గారు దయగా.

ఉత్సవం రోజున ఇసకంతా జనం. యోనా గారు మెడలో బోసి గిటారు వేసుకుని, వంకర మెట్ల మీద ఉత్త చెక్కని నొక్కుతూ నిలబడ్డారు. పడవ పాట వచ్చింది. చరణం దిగి దిగి ఆ చోటికి వచ్చేసరికి, అడుగున ఏమీ లేక పాట చెల్లాచెదురై ఎటో పోయింది. ఆయన కళ్లు మూసుకున్నారు. జనం మాత్రం ఎప్పటిలాగే చప్పట్లు కొట్టారు.

పాటలయ్యాక ముఖ్య కార్యదర్శి గారు వేదికెక్కి తిన్నగా యోనా గారి దగ్గరికి వచ్చి శాలువా కప్పారు. "అందరిలోకీ మీ వాద్యం నాకు నచ్చిందండీ. ఎంత నిగ్రహం! ఎక్కడా ఒక్క అపశ్రుతి లేదు."

"దీనికి తీగల్లేవండి," అన్నారు యోనా గారు.

ముఖ్య కార్యదర్శి గారు వంగి చూశారు. డైరెక్టరు గారి మొహం తెల్లగా పాలిపోయింది. కానీ పెద్ద అధికారికి ఆశ్చర్యపడే అలవాటు ఉండదు. ఆయన నిటారుగా లేచి, "అద్భుతం పరంజ్యోతి గారూ! అందుకే ఇంత నిర్దోషంగా ఉంది," అన్నారు. "వ్యయమా లేదు, ఫిర్యాదా లేదు. దీన్ని ఒక్కరికే పరిమితం చేశారేం?"

పరంజ్యోతి గారి మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. "దశలవారీగా విస్తరించు ఆలోచనలోనే ఉన్నామండి," అన్నారు.

మర్నాడు వచ్చిన ఉత్తర్వులో అంతా చక్కగా విడమరచి ఉంది. తీగలు హోదాకు చిహ్నములు గనక అవి అధికారుల వద్దనే ఉండవలెను. తీగలు అధికారులవి, వేళ్లు కళాకారులవి. వయొలిన్లన్నీ బోసిపోయాయి. అప్పలకొండ దెబ్బలాడి తీగలుగా రాయించుకున్న తోలు వార్లు కూడా విప్పి పట్టుకుపోయారు, తబలా మూత ఊడిన డబ్బాలా లొడలొడలాడింది. కీబోర్డుకి వైరు పీకేశారు. హైమవతి గారి గొంతులోవి బయటికి తీయడం కుదరదు గనక, ధ్రువీకరించబడిన రెండు తంత్రులను వినియోగించరాదని ఆవిడ చేత రాయించుకున్నారు. ఆవిడ ఇంట్లో కూడా సైగలతోనే కూర అడిగేదట.

తీగలు లేని మండలి మొదటి కార్యక్రమం టౌను హాల్లో. ముందు వరసల్లో అధికారులు, వాళ్ల ఒళ్లలో తలో వాయిద్యం. పరంజ్యోతి గారి సంతూర్‌కి వేరే కుర్చీ వేశారు. తెర లేచింది. వేదిక మీద పదిమంది చేతులాడించడం మొదలెట్టారు. హైమవతి గారు నోరు కట్టేసుకుని కళ్లతో అభినయిస్తున్నారు. హాల్లో ఫ్యాన్ల చప్పుడు. ముందు వరసల్లో ఒకాయన "ఆహా" అన్నాడు, మిగతావాళ్లు తలలూపారు.

వెనక వరసల్లో ఎవరో ముసలమ్మ గట్టిగానే అడిగింది. "ఏంటి నాయనా, మైకు పాడైపోయిందా?"

"ష్!" అని అధికారులంతా వెనక్కి తిరిగారు.

పడవ పాట వచ్చిందని యోనా గారికి వేళ్లని బట్టి తెలిసింది. అలవాటైన వేళ్లు ఒక్కొక్క మెట్టే దిగుతున్నాయి. ఇంకో రెండు మెట్లు. ఇంకొకటి. అక్కడికి వచ్చేసరికి ఆయనలో ఏదో తెగిపోయింది. సిగ్గు లేదు, భయం లేదు, ఉద్యోగం గుర్తు లేదు. నోరు తెరిచి, పొట్టలోంచి లాగి, ఆ స్వరాన్ని గొంతుతో పట్టుకున్నారు.

అంత కిందికి మనిషి గొంతు దిగదు. సగం గాలి, సగం గరగర. ఎద్దు నిట్టూర్చినట్టుందని తరువాత కొందరన్నారు. కానీ ఊపిరి ఉన్నంతసేపూ ఆయన దాన్ని వదల్లేదు. పక్కన అప్పలకొండ తబలా వదిలేసి, ఒంటి చేత్తో తన తొడ మీద తాళం వేయడం మొదలెట్టాడు. ముసలమ్మ, "అదీ! ఇప్పుడు బాగుంది, కానియ్యి నాయనా," అంది. పరంజ్యోతి గారు లేచి నిలబడి తెర దించమని కేకలేశారు. ఒళ్లోంచి నరసింహమూర్తి గారి వీణ జారి కింద పడి, ఏడు తీగలూ ఒక్కసారిగా ఖంగుమన్నాయి.

ఉద్యోగం పోయింది. అనుమతి లేని తంత్రులను గొంతులో దాచి ఉంచుట, సభలో శబ్దము చేయుట అనేవి నేరాలు. తొలగింపు ఉత్తర్వు చివర, 'సదరు కార్యక్రమమందు వినవచ్చిన ఏకైక స్వరము శ్రీ మేకల యోనాదిగా నమోదు చేయడమైనది' అని ఉంది.

యోనా గారు దాన్ని ఇంటికి తెచ్చి రూతమ్మ గారి చేతికిచ్చారు. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని, కూడబలుక్కుంటూ ఆఖరిదాకా చదివింది. ఏడుస్తుందనుకున్నారాయన.

"పోన్లెండి," అంది రూతమ్మ గారు కాగితం మడుస్తూ. "ఇన్నాళ్లకి ఆఫీసువాళ్లకి మీరొకరున్నారని వినపడింది. కాళ్లు కడుక్కురండి, అన్నం చల్లారిపోతోంది."